గుట్ట నడకకు తగిన జోడు

కామారెడ్డి నుంచి సిరిసిల్ల రోడ్డు పట్టుకొని మాచారెడ్డి వైపు పోతుంటే మక్కచేన్ల వెనక గుట్టలు కనిపిస్తాయి. ఇక్కడివాళ్ళకు అడవి అంటే ఆ గుట్టలే. మోదుగు, తునికి, నల్లమద్ది, అక్కడక్కడా టేకు, వాటి నడుమ మనిషిని పట్టి ఆపే పరికికంప. కింద ఎర్రమొరం. కొన్నిచోట్ల అదీ ఉండదు, బండ బయటపడి ఉంటుంది. ఉత్త బండ మీద నడక తేలికే, మట్టి బాట మీదా తేలికే. కష్టమంతా బండ మీద మొరం పలచగా పరుచుకున్న చోట. ఎక్కేటప్పుడు కాలు నిలుస్తుంది. దిగేటప్పుడు అడుగు కింద మొరం కదిలి, ఒంటి బరువంతా మడమ మీద పడి, కాలు దానంతటదే ముందుకు పోతుంది. కాలికి ఏం తొడుక్కోవాలో ఈ దిగుడు దగ్గర నిలబడి ఆలోచించాలి.

కొండల్లో వేటకు ఎలాంటి బూట్లు మంచివని అడిగేవాళ్ళు లోకమంతా ఉన్నారు. మన దగ్గర 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. తీరిపోవడమే మంచిదైంది. పేరు మాత్రం నిలిచింది. చీలమండ దాకా వచ్చే ఆకుపచ్చ కాన్వాసు బూటును ఇప్పటికీ హంటర్ షూ అనే అడుగుతారు. కాలికున్న ఆ బూటును బట్టి మనిషిని అనుమానించిన రోజులు కూడా ఈ అడవి అంచు ఊళ్ళు చూశాయి.

మరి ఇప్పుడు ఈ గుట్టల్లో నడిచేదెవరు? గొర్లను తోలుకుపోయే గొల్లకుర్మలు, తునికాకుకు పోయే తండాల ఆడవాళ్ళు, అటవీశాఖ వాచర్లు, అడవిపందుల నుంచి మక్కచేను కాపాడుకోవడానికి రాత్రిపూట గెట్ల వెంట తిరిగే రైతులు. వీళ్ళ కాళ్ళ వైపు చూడటం నాకు అలవాటు. ఎక్కువమంది కాళ్ళకు రబ్బరు స్లిప్పర్లే ఉంటాయి. అడుగు అరిగి మడమ దగ్గర నేల కనిపిస్తుంటుంది, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంటుంది. బతుకుతెరువు కోసం రోజంతా కొండ తొక్కేవాళ్ళ కాళ్ళకు స్నానాల గది చెప్పులు, ఆదివారం సరదాగా గుట్ట ఎక్కేవాళ్ళ కాళ్ళకు వేల రూపాయల బూట్లు. ఇది నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

ఇది ఈనాటి సంగతి కూడా కాదు. ఎల్లారెడ్డి వైపు పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఆ కాలపు వేటల్లో తుపాకీ పట్టినవాడు మంచె మీద కూర్చునేవాడు. నడక అంతా హాకా కొట్టేవాళ్ళది. డప్పులు మోగిస్తూ, కేకలు వేస్తూ కంపల్లోంచి మృగాన్ని మంచె వైపు తోలాల్సింది వాళ్ళే. బూటు మంచె మీద ఉండేది, ముల్లు కింద ఉండేది.

ఆ రోజుల్లో గట్టి చెప్పు చేయడం తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుక గీకి, లందలో తంగేడు చెక్క కషాయంలో ఊరబెట్టేవాళ్ళు. తోలును సంచిలా కుట్టి, లోపల చెక్కపొడి, కరక్కాయ, నీళ్ళు పోసి చెట్టుకు వేలాడదీసేవాళ్ళు. కషాయం బొట్టుబొట్టుగా తోలులోంచి ఇంకి బయటికి రావాలి. తొందరపడితే తోలు పైపైన ఎర్రబడుతుంది గాని నడిమధ్యన పచ్చిగానే ఉండిపోయి తర్వాత కుళ్ళుతుంది. మనం రాష్ట్ర పుష్పమని గౌరవించుకునే తంగేడుకు ఊరి లందలో ఇంత పని ఉండేది. బర్రెతోలును పొరల మీద పొరలుగా పేర్చి, ఆరెతో పొడిచి, తోలుదారంతోనే కుట్టి అడుగు తయారుచేసేవాళ్ళు. బొటనవేలికి ఉంగటం, మీద పట్టీ, అంతే. కొత్తలో కరుస్తుంది. రాత్రి ఆముదం పట్టించి పెట్టి, పొద్దున తొడుక్కుంటే కొన్నాళ్ళకు అది ఆ కాలికి తప్ప ఇంకొకరి కాలికి పట్టని చెప్పు అవుతుంది. అడుగు అరిగితే ఇంకో పొర వేసి కుట్టేవాళ్ళు. పారేయడమనేది చివరి మాటగా ఉండేది.

ఆ చెప్పు చేసిన మాదిగకు దాన్ని తొడుక్కొని దొరగడి ముందు నడిచే హక్కు ఉండేది కాదు. చేతబట్టుకొని పోవాల్సి వచ్చేది. గడికి కావలసిన చెప్పులు, మోటకు కావలసిన తోలు వెట్టికి ఇచ్చుకోవాల్సి వచ్చేది. తెలంగాణ పల్లెల్లో వెట్టి చరిత్ర రాసినవాళ్ళు ఈ మాట రాశారు. మంచి జోడు ఎలా ఉండాలో మాట్లాడేటప్పుడు ఆ జ్ఞానం ఎవరిదో, దానికి వాళ్ళకు దక్కిందేమిటో మరిచిపోయి మాట్లాడటం నాకు చేతకాదు.

ఊరి తోలుచెప్పుకు ఒక లోపం ఉంది. నున్నటి తోలు అడుగు మొరం మీద జారుతుంది. అందుకే అడుగున ఇనుప మేకులు కొట్టించుకునేవాళ్ళు. ఐరోపాలో కొండలెక్కేవాళ్ళూ చాలాకాలం మేకుల బూట్లతోనే ఎక్కారు. 1935లో ఆల్ప్స్‌లోని పుంటా రాసికా దగ్గర ఆరుగురు ఇటాలియన్ పర్వతారోహకులు మంచుతుఫానులో చిక్కి చనిపోయారు. వాళ్ళ బూట్లు ఆ చలికి, ఆ రాతికి తగినవి కావు. వాళ్ళ స్నేహితుడు వితాలే బ్రమానీ ఆ దుఃఖంలోంచే పని మొదలుపెట్టి, 1937లో లోతైన గాళ్ళున్న రబ్బరు అడుగు తెచ్చాడు. వైబ్రమ్ అనే పేరు అతని పేరులోని అక్షరాలతో వచ్చిందే. 1954లో కే2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ జట్టు కాళ్ళకు ఆ అడుగే ఉంది. ఇవాళ ప్రతి అడవిబూటు అడుగునా కనిపించే గాళ్ళ వెనక ఆ ఆరుగురి చావు ఉంది.

మన గొర్లకాపరులు ఇదే చిక్కుకు ఇంకో దారి వెతుక్కున్నారు. పాత లారీ టైరు కోసి చెప్పు అడుగు చేయించుకున్నారు. టైరులో రబ్బరుతో పాటు నైలాను దారాల పొర ఉంటుంది, తుమ్మముల్లు దాన్ని దాటి పైకి రాలేదు. బరువు ఎక్కువ, వంగడం తక్కువ, నిజమే. కానీ ఈ అడవిలో చెప్పుకు మొదటి పరీక్ష ముల్లే. ఆ పరీక్షలో టైరుచెప్పు నెగ్గినంతగా ఖరీదైన బూట్లు చాలా నెగ్గలేవు.

ఇప్పుడు దుకాణానికి పోదాం. అడవి నడకకు బూట్లు కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇది. సాయంత్రం పూట పోండి. పగలంతా నిలబడి, తిరిగి, కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. గుట్ట మీదా అలాగే ఉబ్బుతుంది. అడవికి ఏ మేజోళ్ళు వేస్తారో అవే వేసుకొని పోండి. రెండు కాళ్ళకూ తొడిగి లేసులు బిగించండి, ఎందుకంటే చాలామందికి ఒక కాలు ఇంకోదానికంటే కొంచెం పెద్దది. దుకాణంలో నున్నటి టైల్స్ మీద అటూ ఇటూ నడిస్తే ఏమీ తెలియదు. మెట్లుంటే మెట్ల మీద కిందికి మొహంపెట్టి నిలబడి కాలు గట్టిగా దించండి. వేళ్ళు ముందుకు పోయి బూటు ముక్కుకు తగిలితే ఆ జోడు వద్దు. గుట్ట దిగేటప్పుడు అదే దెబ్బ అడుగడుగునా తగిలి బొటనవేలి గోరు నల్లబడుతుంది. మెట్లెక్కేటప్పుడు మడమ లోపల లేస్తుంటే అదీ వద్దు, అక్కడ బొబ్బ వస్తుంది.

తర్వాత బూటును చేతిలోకి తీసుకోండి. ముక్కు, మడమ పట్టుకొని బట్ట పిండినట్టు మెలిపెట్టండి. సులువుగా మెలితిరిగితే రాళ్ళ మీద మీ పాదం కూడా అలాగే మెలితిరుగుతుంది. మడిచి చూస్తే వేళ్ళు వంగేచోటనే వంగాలి. నడుమకు వంగితే పాదం నరం గుంజుతుంది. అడుగు గాళ్ళు లోతుగా, ఎడంగా ఉండాలి. ఇరుకు గాళ్ళలో మొరం ఇరుక్కుంటే కాసేపటికి అడుగు నున్నగైపోతుంది. ఇక బరువు. కాలికి కట్టిన కిలో వీపున మోసే ఐదారు కిలోల పెట్టు. అమెరికా సైన్యం చేయించిన పరీక్షల్లోనూ ఇంచుమించు ఇదే తేలింది. కుమావూ కొండల్లో మనుషుల్ని తినే పులుల వెంట తిరిగిన జిమ్ కార్బెట్ పలచని రబ్బరు అడుగు బూట్లతో నడిచాడు. ఆయనకు చప్పుడు కాకపోవడం, కాలికి నేల తెలియడం ముఖ్యం. మనకూ బూటులోంచి నేల కొంత తెలియాలి.

నీళ్ళు చొరని బూట్లని గొప్పగా చెప్పి అమ్ముతారు. మంచు కురిసే దేశంలో అవి కావాలి. మాచారెడ్డి ఎండల్లో నీళ్ళు చొరనివ్వని పొర చెమటనూ పోనివ్వదు. లోపల తడిసిన మేజోడు బొబ్బలకు మూలం. ఈ గుట్టలకు చీలమండ దాటే మందపు కాన్వాసు, లేదంటే మెత్తటి తోలు, కుట్టిన రబ్బరు అడుగు చాలు. ఇది నేను ఆలోచించి ఇచ్చే తీర్పు.

కుట్టిన అడుగు అని ఎందుకంటున్నానో ఒక సంగతి చెబుతాను. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌కు పోయినవాళ్ళే. వచ్చేటప్పుడు కంపెనీ ఇచ్చిన సేఫ్టీ బూట్లలో కొత్త జత ఉంటే తెచ్చుకుంటారు. మా పక్కింటాయన అలాంటి జతను అట్టపెట్టెతో సహా సజ్జ మీద దాచాడు. మంచివి, పాడవుతాయని ఏళ్ళపాటు తొడగలేదు. తమ్ముడు అడవికి పోతానంటే ప్రేమగా దించి ఇచ్చాడు. తోలు నిగనిగలాడుతూనే ఉంది. గుట్ట సగం ఎక్కేసరికి ఒక బూటు అడుగు ముక్కలుగా రాలడం మొదలుపెట్టింది. వేలితో నొక్కితే పొడి అవుతోంది. దిగేసరికి రెండోదీ అంతే. అది కంపెనీ మోసమనుకొని ఆయన చాలా బాధపడ్డాడు. నిజానికి ఆ అడుగు పాలీయురెథేన్ అనే పదార్థం. గాలిలోని తేమ దాన్ని లోలోపల విరగ్గొడుతుంది. తొడిగి నడుస్తున్నా, సజ్జ మీద పెట్టినా దానికి వయసు పైబడుతూనే ఉంటుంది. వేడి, తేమ కలిసిన చోట ఇంకా తొందరగా. ఎడారిలో కడుపు కట్టుకొని పనిచేసిన మనిషి దాచి తమ్ముడికి ఇచ్చిన వస్తువు అలా రాలిపోవడం చూస్తే నా మనసు కలుక్కుమంది.

ఆ బూట్లను కామారెడ్డిలో రోడ్డు పక్కన కూర్చునే చెప్పులు కుట్టే పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోయారు. ఆయన అడుగును వేలితో గీకి చూసి, "అంటిచ్చిన దానికి నేనేం జేస్త సారూ? కుట్టుంటే సూది వెడ్త" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి పైభాగాన్ని ఉంచి, పాత అడుగంతా తీసేసి, టైరురబ్బరు కోసి చుట్టూ కుట్టి ఇచ్చాడు. అందంగా లేదు. కానీ ఆ బూట్లు మళ్ళీ గుట్ట ఎక్కాయి. నా లెక్కలో మన్నిక అంటే ఇదే, బాగుచేయడానికి వీలుండటం. కొనేముందు అడుగు అంచున దారం కనిపిస్తుందో లేదో చూడండి. కొన్నాక దాచకండి, నడవండి. తడిస్తే నీడన ఆరబెట్టండి, పొయ్యి పక్కన వద్దు.

సేఫ్టీ బూటు అడవికి అసలు పనికొస్తుందా అని కూడా అడుగుతుంటారు. ముక్కులో ఇనుప రేకు ఉంటుంది. మీద బరువు పడితే వేళ్ళు నలగకుండా కాపాడటానికి అది పెట్టింది. గుట్ట దిగేటప్పుడు వేళ్ళు ఆ రేకుకే కొట్టుకుంటాయి. కట్టడం పనికి అది మంచి బూటు, గుట్టకు కాదు.

జోడు సంగతి మాట్లాడుతూ మాలావత్ పూర్ణను తలచుకోకుండా ఉండలేను. సిరికొండ మండలం పాకాల ఆమె ఊరు, మాచారెడ్డికి ఎంతో దూరం లేదు. చదువుకున్నది తాడ్వాయి గురుకులంలో, అది ఇప్పుడు మన కామారెడ్డి జిల్లాలోదే. కూలిపని చేసుకునే లంబాడా ఇంటి పిల్ల. భువనగిరి బండ మీద మొదటి పాఠాలు, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ. 2014 మే 25న ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ ఎత్తులో తొడిగే బూటు రెండు బూట్లు ఒకదాంట్లో ఒకటి. లోపలిది వెచ్చదనానికి, బయటిది మంచును పట్టే ఇనుపకోరలు బిగించుకోవడానికి. కొలత కాస్త తప్పినా నెత్తురు ఆడక వేళ్ళు పోతాయి. 2022లో ఆమె ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. మన తండా పిల్ల కాలికి కొలత తీసి తగిన జోడు ఇస్తే ఎంత ఎత్తుకు పోతుందో లోకం చూసింది. ఆ పిల్ల ఊరి చుట్టూ ఉన్న గుట్టల్లో ఆమె తల్లి వయసువాళ్ళు ఇప్పటికీ వట్టికాళ్ళతో నడుస్తున్నారు.

భారతంలో చెప్పులు ఎలా పుట్టాయో ఒక కథ ఉంది. ఆనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు. జమదగ్ని బాణాలు వేస్తుంటే రేణుక పరుగెత్తి ఏరుకొచ్చి ఇస్తుంటుంది. జ్యేష్ఠమాసం, నడిమధ్యాహ్నం. తల మాడి, కాళ్ళు కాలి, ఆమె ఒక చెట్టునీడన కాసేపు నిలబడి ఆలస్యంగా వస్తుంది. ఎందుకు ఆలస్యమని కోపగించిన ముని, కారణం విని సూర్యుడి మీదే బాణం ఎక్కుపెడతాడు. సూర్యుడు బ్రాహ్మణ రూపంలో దిగివచ్చి, శాంతించమని వేడి, ఒక గొడుగు, ఒక జత తోలుచెప్పులు ఇస్తాడు. ఆ కథ ప్రకారం లోకంలో మొదటి చెప్పులు అవే. ఎండలో నేల మీద వంగి ఏరుకొచ్చే పనిచేసే ఒక ఆడమనిషి పాదాల కోసం వచ్చాయి అవి. ఆ రేణుకను మనం ఎల్లమ్మ అని ఊరూరా కొలుస్తున్నాం. పోయినవాళ్ళ పేరిట కర్మనాడు గొడుగు, చెప్పులు దానమిచ్చే ఆచారం కూడా మన ఇళ్ళలో ఉంది.

మన గుట్టల్లో ఎండలో వంగి ఏరే పని తునికాకుది. దాని కాలం ఏప్రిల్, మే. బీడీల జిల్లా మనది. ఆకు లేనిదే బీడీ లేదు. దానికి ముందే, ఫిబ్రవరి మార్చిలో, లేత ఆకు వేయడానికి తునికి పొదలను కిందికంటా నరుకుతారు. నరికిన మొదళ్ళు ఏటవాలుగా, కొసదేరి, నేలకు బెత్తెడు ఎత్తున నిలుస్తాయి. కొత్త చిగురు వాటి పక్కనుంచే వస్తుంది. కాబట్టి మంచి ఆకు కావాలంటే ఆ మొదళ్ళ మధ్యకే పోవాలి. చీకటి విడవకముందే బయలుదేరతారు. ఎండ ముదిరేలోపు కొంగు నిండాలి, ఇంటికొచ్చి 50 ఆకులకు ఒక కట్ట కట్టాలి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. అలాంటి 1000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. గుట్ట అంచున ఒక పెద్దమ్మ స్లిప్పర్లు చేతబట్టుకొని ఎక్కుతుంటే ఎందుకమ్మా అని అడిగాను. "ఏసుకుంటే జారుతయి బిడ్డా. బాట మీదికొచ్చినంక ఏసుకుంట" అంది. ఆమె మడమ పక్కన పాత గాయం మచ్చ ఒకటి, మొదలు దిగినది, అర్ధరూపాయి బిళ్ళంత ఉంది.

మొదళ్ళకు తోడు పాములు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58,000 మందని, 2020లో వెలువడిన మిలియన్ డెత్ స్టడీ లెక్కగట్టింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పల్లెల్లోనివాళ్ళు. కాట్లలో చాలాభాగం కాళ్ళ మీదే. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది. చిన్నపింజర రాళ్ళ సందున ఉంటుంది. చీలమండ దాటే మందపు కాన్వాసు బూటు ప్రతి కాటునూ ఆపదు గాని కొన్నింటినైనా ఆపగలదు. స్లిప్పరు దేన్నీ ఆపదు.

పక్కనున్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం తునికాకు ఏరేవాళ్ళకు చెప్పులు, బూట్లు ఇవ్వడానికి చరణ్ పాదుకా అని ఒక పథకమే పెట్టింది. మధ్యలో ఆపేసినా 2025లో మళ్ళీ మొదలుపెట్టింది. మన దగ్గరా అలాంటిది కావాలి. ఇస్తే ఊరికే లెక్కకు ఇవ్వకూడదు. ఆడవాళ్ళ పాదాల కొలతలు తీసి ఇవ్వాలి. నేను చూసిన దుకాణాల్లో అడవి బూటు అంటే మగవాళ్ళ కొలతలే ఉన్నాయి. పొదలు నరకడం మొదలయ్యే ఫిబ్రవరికి ముందే చేతికి అందాలి. అడుగు కుట్టి ఉండాలి, అంటించి ఉండకూడదు. బాగుచేసే పని కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చున్నవాళ్ళకు ఇవ్వాలి, కూలి ప్రభుత్వమే కట్టాలి. వాచర్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ ఇంట్లోనో మీ వాడలోనో అడవి పనికి పోయే అమ్మో అక్కో ఉంటే, వచ్చే శివరాత్రిలోపు ఆమెను దుకాణానికి వెంట తీసుకుపోండి. మీకు తోచిన సైజు కొనుక్కురాకండి. ఆమెనే తొడుక్కోనివ్వండి, మెట్లు దిగనివ్వండి, బాగుందని ఆమె నోటితో అన్నాకే డబ్బులు కట్టండి.